ఏళ్ల తరబడి కాపురం చేసినవాళ్లు కలిసి చూడ్డానికి ఏ కామెడీ సీరియల్ మంచిది?

ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో టీవీ ముందు కూర్చునే జనాన్ని ఒకసారి చూడండి. అత్తగారికి తెలుగు తప్ప ఇంకోటి పట్టదు. ఇంటాయన రోజంతా ఆఫీసులో ఒడియా మాట్లాడి వస్తాడు. పిల్లలది ఇంగ్లీషు మీడియం, ఫోన్లో చూసేదంతా హిందీ. కోడలు పాతపట్నం నుంచో పలాస నుంచో వచ్చి ఉంటుంది, తెలుగు ఛానళ్లతో పెరిగిన మనిషి. ఇలాంటి ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అందరూ కలిసి, లేదంటే కనీసం మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి, ఒక అరగంట నవ్వుకునే సీరియల్ ఏదైనా చెప్పమని తెలిసినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. అడిగేవాళ్లలో పెళ్లై పదిహేనేళ్లూ ఇరవయ్యేళ్లూ దాటినవాళ్లే ఎక్కువ. కొత్త జంటల ప్రేమ కబుర్లు వాళ్లకి అక్కర్లేదు, ఒకరి మీద ఒకరు కుట్రలు పన్నే అత్తాకోడళ్ల కథలు అసలే వద్దు. తమలాంటి వాళ్ల కాపురం కావాలి. అందులో ఉండే విసుగు, మొండితనం, చనువు, మాట అనేశాక పడే బాధ, ఇవన్నీ నవ్విస్తూ చూపించేది కావాలి.

అలాంటివి తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని, ఇంగ్లీషులో బోలెడు ఉన్నాయి. కానీ అన్నీ అన్ని ఇళ్లకీ నప్పవు. నేను ముందు చూసేది ఒక్కటే, నవ్వు ఎవరి మీద పడుతోంది అని. మన దగ్గర పెళ్లాం జోకులు అంటే ఒక అచ్చు ఉంది కదా, పెళ్లాం గయ్యాళి, మొగుడు పాపం నోరు లేనివాడు, ఆవిడ అరవడం ఆయన నక్కడం. స్టేజి మీద ఐదు నిమిషాలకి అది నడుస్తుంది. పాతికేళ్లుగా ఇల్లు మోస్తున్న మనిషి పక్కన కూర్చుని అదే జోకు రోజూ వింటే మాత్రం ఆయన ఒక్కడే నవ్వుతాడు, ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. మరీ తిరగేసి మొగుణ్ణి వెర్రివాడిని చేసినా అంతే, ఆయన ఫోన్ పట్టుకుంటాడు. ఇద్దరికీ దెబ్బ తగలాలి, ఇద్దరికీ తిరిగి కొట్టే మాట ఉండాలి. నా లెక్కలో మిగతావన్నీ దీని తరవాతే. రెండోది, గొడవ చిన్న వస్తువు దగ్గర మొదలవ్వాలి. నిజం కాపురాల్లో పెద్ద విషయాల మీద గొడవలు తక్కువ, తడి తువ్వాలు మంచం మీద వేశారని జరిగేవే ఎక్కువ.

ఈ రెండు పరీక్షల్లోనూ నేను చూసినవాటిలో అన్నిటికన్నా పైన నిలబడేది అమెరికా సీరియల్ ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’. సీబీఎస్ ఛానల్లో 1996 నుంచి 2005 దాకా తొమ్మిది సీజన్లు, 210 ఎపిసోడ్లు వచ్చింది. రేమండ్ పత్రికలో ఆటల వార్తలు రాస్తాడు, భార్య డెబ్రా, ముగ్గురు పిల్లలు. అసలు సంగతేంటంటే వాళ్ల అమ్మానాన్నల ఇల్లు రోడ్డుకి అవతల పక్క, ఎదురుగానే. తలుపు తట్టకుండా వచ్చేస్తారు. కోడలి వంట మీద అత్త మేరీ చిరునవ్వుతోనే వ్యాఖ్యానాలు చేస్తుంది, ఏ గిన్నె ఎక్కడుండాలో కూడా ఆవిడే చెబుతుంది, కొడుకు మాత్రం ఎటూ మాట్లాడడు. అమెరికాలో అందరూ పద్దెనిమిదేళ్లకే విడిపోయి బతికేస్తారని అనుకునేవాళ్లు ఇది చూసి ఆశ్చర్యపోతారు, ఇది మా వీధిలో ఇల్లే కదా అని. దీన్ని తయారుచేసిన ఫిల్ రోజెంతాల్ తన రచయితల చేత సొంత ఇళ్లలో జరిగిన తగాదాలనే కథలుగా రాయించేవాడు. సీరియల్లో ఎమీ అనే పాత్ర వేసిన మోనికా హొరన్ ఆయన సొంత భార్యే. ఆ నిజం ప్రతి ఎపిసోడ్‌లోనూ తెలుస్తూ ఉంటుంది.

ఒక్క ఎపిసోడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఏడో సీజన్లో ‘బ్యాగేజ్’ అని ఉంది. మొగుడూ పెళ్లాం ఊరెళ్లి వస్తారు, సూట్‌కేస్ మెట్ల మధ్యలో వదిలేస్తారు. ఆవిడ తీస్తుందిలే అని ఆయన, ఈసారి ఆయన తీస్తే ఏం పోయిందని ఆవిడ. మూడు వారాలు గడిచిపోతాయి, పెట్టె అక్కడే ఉంటుంది. ఇద్దరూ దాన్ని తప్పుకుంటూ ఎక్కుతారు, దిగుతారు, దాని గురించి ఒక్క మాట మాట్లాడరు, మాట్లాడితే ఓడిపోయినట్టు. చివరికి రేమండ్ అందులో చీజ్ పెడతాడు, కంపు కొడితే ఆవిడే తీస్తుందని! అప్పుడు అత్తగారు మేరీ వచ్చి, తమ వంటింటి గోడకి వేలాడే పెద్ద ఫోర్కూ స్పూనూ వెనక కూడా ఇలాంటి మొండి పట్టుదలే ఉందని చెబుతుంది. ఎపిసోడ్ అంతటిలో నన్ను బాగా పట్టుకున్న చోటు అదే, ఎందుకంటే అప్పటిదాకా కోడల్ని సాధించే మనిషిగా కనిపించినావిడ ఒక్కసారిగా నలభై ఏళ్ల కాపురం చేసిన ఆడదానిలా మాట్లాడుతుంది. టక్కర్ కాలీ రాసిన ఈ ఎపిసోడ్‌కి 2003లో రచనకి ఎమ్మీ అవార్డు వచ్చింది. ఆలుమగల కలహం అన్నం తినేదాకానే అంటారు గానీ అది సగం నిజమే. కొన్ని కలహాలు అన్నం తిన్నా పోవు, మెట్ల మీద పెట్టెలా వారాల తరబడి కూర్చుంటాయి. ఆ సంగతి ఇంత బాగా ఇంకెవరూ చూపించలేదని నా అభిప్రాయం. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తగారు ఈ ఎపిసోడ్ మొత్తం కూర్చుని చూసి, “ఎవులో ఒకలు తియ్యండర్రా ఆ పెట్టి, చూడ్లేకపోతన్నాను” అని టీవీతోనే అన్నారు.

లోటు లేదా అంటే ఉంది. మొదటి సీజన్ కొంచెం నెమ్మది, పాత్రలు ఇంకా కుదురుకోలేదు. రేమండ్ ఇంటి పనిలో వేలు పెట్టకపోవడం కొన్ని ఎపిసోడ్లలో నవ్వు దాటి కోపం తెప్పిస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్లకి. ఇంగ్లీషు వేగంగా ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఆ ఇబ్బంది వద్దనుకుంటే దీన్నే హిందీలో ‘సుమిత్ సంభాల్ లేగా’ పేరుతో స్టార్ ప్లస్ వాళ్లు 2015లో తీశారు. నమిత్ దాస్, మాన్సీ పారేఖ్ జంట, తండ్రిగా సతీష్ కౌశిక్, తల్లిగా భారతీ ఆచ్రేకర్. నటులు మంచివాళ్లే, కానీ పంజాబీ ఇంటి హడావుడి ఎక్కువై, అసలులో ఉన్న ఆ నిశ్శబ్దపు మొండితనం కొంత తగ్గింది. ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్లు అసలునే చూడండి. హిందీ వచ్చిన అత్తగారూ కోడలూ కలిసి చూడాలంటే సుమిత్ బాగానే పనికొస్తుంది.

ఇక తెలుగు. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆలోచించడానికేం లేదు, ‘అమృతం’ పెట్టండి. గుణ్ణం గంగరాజు గారు తీసిన ఈ సీరియల్ 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి వచ్చేది, 313 ఎపిసోడ్లు. అమృతరావూ ఆంజనేలూ కలిసి అమృత విలాస్ అని హోటల్ నడుపుతారు, ఇంటి ఓనరు అప్పాజీ, వంటవాడు సర్వం. ఈ నలుగురి పేర్లూ తెలియని తెలుగు ఇల్లు సరిహద్దుకి ఇటూ అటూ ఉండదేమో. అందరూ దీన్ని హోటల్ కామెడీ అనుకుంటారు గానీ నా దృష్టిలో ఇది రెండు జంటల కథ. సంజీవని, శాంత అనే ఇద్దరు ఇల్లాళ్లు లేకపోతే అమృతరావు వేసే ఏ పథకంలోనూ పస ఉండదు. డబ్బు తొందరగా సంపాదించాలని మగవాళ్లు ఏదో ఒకటి తలకెత్తుకుంటారు, పెళ్లాలకి తెలియకూడదని పడే పాట్లలోంచే సగం నవ్వు పుడుతుంది. తెలిశాక ఇంటికొచ్చి ఒక మాట పడతారు, ఆ మాట ఎప్పుడూ సంజీవని వైపు నుంచి న్యాయంగానే ఉంటుంది. ఆవిడని గయ్యాళిని చెయ్యకుండా ఆరేళ్లు నడపడం చిన్న సంగతి కాదు.

ఇంకో కారణం కూడా ఉంది నాకు ఇది ఇష్టం కావడానికి. మాటలు అచ్చంగా ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే, ఆ ఊరివాళ్లం కాబట్టి ఇలాంటివి మాకు కొంచెం ఎక్కువగా పట్టింపు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లిన తరవాత పుట్టి ఒడియాలో చదువుకున్న తెలుగువాళ్లు మా దగ్గర చాలామంది, తెలుగు చదవడం రాకపోయినా మాట మాత్రం పోలేదు. అలాంటి ఇళ్లకి గ్రాంథికం వాసన ఉన్న పౌరాణికాల కన్నా అమృతం వెయ్యి రెట్లు నయం. ఎపిసోడ్లు యూట్యూబులో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఒక్క చిక్కు, ముఖ్య పాత్రలకి నటులు మారుతూ వచ్చారు, అమృతరావుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు కనిపిస్తారు. పెద్దవాళ్లకి ముందే చెప్పకపోతే “ఈ బాబెవరు” అని ప్రతి పది నిమిషాలకీ అడుగుతారు. 2020లో జీ5లో ‘అమృతం ద్వితీయం’ అని మళ్లీ తీశారు. ఆంజనేలుగా చేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు, ఆయన స్థానంలో ఎల్బీ శ్రీరామ్ గారు చేశారు. చూడొచ్చు, కానీ పాతదాని తరవాత చూడండి.

ఇప్పటి తెలుగు కావాలి, పిల్లలు పడుకున్నాక మేమిద్దరమే చూస్తాం అనుకుంటే ‘సేవ్ ద టైగర్స్’. హాట్‌స్టార్‌లో 2023లో మొదటి సీజన్, 2024లో రెండోది. ప్రియదర్శి, అభినవ్ గోమఠం, కృష్ణచైతన్య ముగ్గురు మొగుళ్లు. పాల వ్యాపారం చేసే ప్రియదర్శి, అతని పెళ్లాంగా జోర్దార్ సుజాత, ఆ జంట ఒక్కటీ చాలు సీరియల్ చూడ్డానికి. ఇల్లు మారాలి, పిల్లల చదువు మారాలి, పది మందిలో మన బతుకు కూడా మారాలి అని ఆవిడ, ఇలాగే బాగుంది కదా అని అతను. ఇది ఇప్పుడు మా చుట్టుపక్కల భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో మారిపోదామనే ప్రతి ఇంట్లోనూ నడుస్తున్న గొడవే. అయితే పేరులోనే ఉంది కదా, ఇది ముందు మగవాళ్ల వైపు నుంచి మొదలవుతుంది, పెళ్లాలు మమ్మల్ని చంపుకు తింటున్నారని ముగ్గురూ మందు దగ్గర కూర్చుని ఏడవడం మొదటి ఎపిసోడ్లలో చాలా ఉంటుంది. నా పరీక్షలో అక్కడ కొంచెం తప్పుతుంది. ముందుకెళ్లేకొద్దీ ఆడవాళ్ల వైపు మాట కూడా వస్తుంది కాబట్టి ఓపిక పట్టండి. కానీ తాగుడు, మోటు మాటలు ఉన్నాయి, అత్తమామలతో కూర్చుని చూసేది మాత్రం కాదు, ఆ టెన్షన్ మీకెందుకు.

హిందీ వచ్చిన ఇళ్లకి నా మొదటి మాట ‘వాగ్లే కీ దునియా’. దీని విషయంలో ఇంకెక్కడా దొరకని సంగతి ఒకటుంది. 1988లో దూరదర్శన్‌లో మొదటిసారి వచ్చినప్పుడు ఆర్.కె. లక్ష్మణ్ సృష్టించిన మధ్యతరగతి మనిషి శ్రీనివాస్ వాగ్లేగా అంజన్ శ్రీవాస్తవ్, భార్య రాధికగా భారతీ ఆచ్రేకర్ చేశారు, కుందన్ షా దర్శకత్వం. చిన్న జీతం, అద్దె ఇల్లు, నెలాఖరు. తరవాత 2021లో సోనీ సబ్‌లో అదే కథని కొత్త తరంతో మొదలుపెట్టినప్పుడు ఆ ఇద్దరే ముసలి అత్తమామలుగా తిరిగొచ్చారు. ముప్పై మూడేళ్ల తరవాత అదే మొగుడు, అదే పెళ్లాం. మేకప్ వేసి ముసలివాళ్లని చెయ్యలేదు, నిజంగానే వయసు మీద పడింది. ఇద్దరూ సోఫా మీద కూర్చుని టీ గురించి వాదించుకుంటుంటే, పాతదీ కొత్తదీ రెండూ చూసినవాళ్లకి గొంతు పట్టేస్తుంది. ఆ ఇంటి కొడుకు రాజేష్‌గా సుమిత్ రాఘవన్, కోడలు వందనగా పరివా ప్రణతి, అంటే ఒకే ఇంట్లో రెండు వయసుల కాపురాలు. మీ ఇంట్లో అమ్మానాన్నా, మీరిద్దరూ, పిల్లలూ కలిసి ఉంటే ఇంతకన్నా అతికినట్టు సరిపోయేది లేదు. పిల్లల ముందు మాట జారదు, ఎవరినీ నొప్పించదు.

కొత్తదాంట్లో నాకు నచ్చనిది, ప్రతి ఎపిసోడ్ చివర ఒక మంచి మాట చెప్పి తీరాలన్న ఆరాటం. బడిలో పాఠం విన్నట్టు ఉంటుంది ఒక్కోసారి. వెయ్యి దాటిన ఎపిసోడ్లు కాబట్టి మొదటినుంచీ చూడాలని పెట్టుకోవద్దు, ఎక్కడినుంచి మొదలుపెట్టినా అర్థమవుతుంది. 1988ది మాత్రం ఏది దొరికితే అది వదలకండి. అందులో ఉపదేశం లేదు, కథ ముగిసినప్పుడు వాగ్లే జేబు ఖాళీగానే ఉంటుంది, రాధిక ఏమీ అనదు, అంతే.

‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ గురించి అడగనివాళ్లు లేరు. స్టార్ వన్‌లో 2004లో మొదలైంది, జేడీ మజేఠియా, ఆతిష్ కపాడియాల హ్యాట్స్ ఆఫ్ సంస్థదే, కొత్త వాగ్లే కూడా వాళ్లదే. సుమిత్ రాఘవన్ రెండిట్లోనూ ఆ ఇంటి కొడుకే, ఇందులో పెళ్లానికీ తల్లికీ మధ్య నలుగుతాడు. మధ్యతరగతి అంటే ముక్కు విరిచే అత్త మాయ, నోయిడా నుంచి వచ్చి బేరాలాడి వస్తువులు కొనే కోడలు మోనిషా. అందరూ ఈ అత్తాకోడళ్ల గురించే చెప్పుకుంటారు. నన్నడిగితే అసలు రత్నం లాంటి జంట మాయా, ఆవిడ మొగుడు ఇంద్రవదనూ. రత్నా పాఠక్ షా, సతీష్ షా. ఆయనకి పెళ్లాన్ని ఉడికించడమే పని, కోడలి పక్షం చేరి మరీ ఉడికిస్తాడు, ఆవిడ ఇంగ్లీషులో ఒక్క మాటతో ఆయన్ని కూర్చోబెడుతుంది. ఇద్దరూ సమ ఉజ్జీలు. ముప్పై ఏళ్లైనా ఒకరికొకరు విసుగు పుట్టకపోవడం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది. హిందీ బాగా వస్తేనే పెట్టుకోండి, నవ్వంతా మాట విరుపులో ఉంది, అనువాదం చేసి చెబితే పోతుంది. 2017లో హాట్‌స్టార్‌లో వచ్చిన రెండో సీజన్ మొదటిదానికి సాటి రాదు.

‘భాభీజీ ఘర్ పర్ హై’ చాలా ఇళ్లలో నడుస్తోంది, 2015 నుంచీ. ఇద్దరు పొరుగింటి మగవాళ్లు, ఒకడి పెళ్లాం మీద ఇంకొకడికి కన్ను. నటులు గొప్పవాళ్లే, నవ్వు వస్తుంది కూడా. కానీ దాంట్లో కాపురం లేదు, ఇంట్లో ఉన్న మనిషిని ఎవరూ చూడరు. ఈ పని కోసం నేనైతే దాన్ని సూచించను.

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లకి వేరే చెప్పాలి. రాయగడ పక్కన జేకేపూర్ పేపరు మిల్లులోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ముప్పై ఏళ్లు చేసి రిటైరై ఇంట్లో కూర్చున్న మగవాళ్లూ, ఇన్నేళ్లూ పగలంతా తనదిగా ఉన్న ఇంట్లో ఇప్పుడు ఆయన ప్రతిదానికీ అడ్డొస్తుంటే ఏం చెయ్యాలో తోచని ఆడవాళ్లూ మా వైపు చాలామంది. వాళ్లలో ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు బీబీసీ వాళ్ల ‘వన్ ఫుట్ ఇన్ ద గ్రేవ్’ తప్పకుండా చూడాలి. డేవిడ్ రెన్విక్ రాశాడు, 1990 నుంచి 2000 దాకా వచ్చింది. విక్టర్ మెల్‌డ్రూ సెక్యూరిటీ ఉద్యోగం ఒక యంత్రం పెట్టె వచ్చి పోగొడుతుంది, ఆ తరవాత ఆయన లోకం మీదంతా చిరాకు పడుతూ ఇంట్లో ఉంటాడు, భార్య మార్గరెట్ భరిస్తుంది, అప్పుడప్పుడు భరించదు. రెండో సీజన్లో ఒక ఎపిసోడ్ మొత్తం పడగ్గదిలోనే జరుగుతుంది, ఇద్దరికీ నిద్ర పట్టదు, అర్ధరాత్రి ఏవేవో మాట్లాడుకుంటారు, నవ్వు మధ్యలో స్టువర్ట్ అనే పేరు ఒకటి వస్తుంది. వాళ్లు పోగొట్టుకున్న బిడ్డ అని మనకి అర్థమవుతుంది. ఎవరూ ఏడవరు, మాట ఇంకో దానిమీదికి వెళ్లిపోతుంది. పాత జంటలు పాత దుఃఖాన్ని ఎలా మోస్తారో అంత నిజంగా చూపించిన కామెడీ నేను ఇంకోటి చూడలేదు. చివరి ఎపిసోడ్ మాత్రం బరువుగా ఉంటుంది, ఒంట్లో బాగోలేనివాళ్లు ఇంట్లో ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

భాష ఏదీ అడ్డం కాకూడదు, తెలుగు మాత్రమే తెలిసిన అమ్మమ్మతో సహా అందరూ నవ్వాలి అంటే చాలా వెనక్కి వెళ్లాలి, ‘ఐ లవ్ లూసీ’ దాకా. 1951 నుంచి 1957 వరకు వచ్చిన నలుపు తెలుపు సీరియల్. లూసిల్ బాల్, డెసీ అర్నాజ్ నిజంగానే మొగుడూ పెళ్లాలు. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తియ్యడం వీళ్ల వల్లే టీవీ కామెడీకి అలవాటైంది. 1952లో వచ్చిన ‘జాబ్ స్విచింగ్’ ఎపిసోడ్ పెట్టి చూడండి. ఇల్లు నడపడం తేలికని మొగుళ్లు, సంపాదించడం తేలికని పెళ్లాలు పందెం వేసి పనులు మార్చుకుంటారు. ఆడవాళ్లు చాక్లెట్ ఫ్యాక్టరీలో బెల్టు మీద వేగంగా వచ్చే చాక్లెట్లు చుట్టలేక నోట్లో, టోపీలో, బట్టల్లో కుక్కుకుంటారు, ఆ సన్నివేశం ప్రపంచమంతా చూసింది. నాకు మాత్రం ఇంట్లో మగవాళ్లు అన్నం వండే చోటు ఇంకా ఇష్టం. ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియక పోసేస్తారు, అన్నం పొంగి గిన్నె దాటి పొయ్యి మీదికి వచ్చేస్తుంది. రెండు పూటలా అన్నం వండే మన ఆడవాళ్లకి దీనికి సబ్‌టైటిల్ ఎందుకు! ఆ నిజం జంట 1960లో విడిపోయారు, చూసేటప్పుడు అది తెలియకపోయినా నష్టం లేదు.

మిగతావి రెండు మాటల్లో. ‘ఫాల్టీ టవర్స్’ పన్నెండే ఎపిసోడ్లు, 1975లో ఆరు, 1979లో ఆరు, హోటల్ నడిపే జంట. నవ్వి నవ్వి కడుపు నొప్పి పుడుతుంది, కానీ ఆ బేసిల్, సిబిల్ మధ్య ప్రేమ మిగలలేదు, గొడవ పడి ఉన్న రోజున పెట్టుకోకండి. రాసినవాళ్లు జాన్ క్లీజ్, కోనీ బూత్ మొదటి భాగం రాసేటప్పుడు దంపతులు, రెండోది వచ్చేటప్పటికి కాదు. ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’ పేరు చూసి కుటుంబ సీరియల్ అనుకుని పిల్లలతో మొదలుపెట్టొద్దు, మాటలు చాలా మోటు. ‘ద మిడిల్’ మంచిది, రేమండ్‌లో డెబ్రాగా చేసిన ప్యాట్రీషియా హీటనే ఇందులోనూ ఇల్లాలు, డబ్బు ఎప్పుడూ చాలని ఇల్లు, మొగుడు రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అలాంటి మొగుళ్లున్న ఇళ్లలో బాగా నచ్చుతుంది.

మా దగ్గర తెలుగు ఒడియా పెళ్లిళ్లు కూడా మామూలే. అలాంటి జంటలు ఏది చూడాలంటే, ఎవరో ఒకరి మాతృభాషలో చూస్తే రెండోవాళ్లు సగం నవ్వు పోగొట్టుకుంటారు, పక్కన కూర్చుని అర్థం చెప్పించుకోవాల్సి వస్తుంది. ఇద్దరికీ సమానంగా వచ్చిన హిందీ వాళ్లకి మేలు, కాబట్టి సారాభాయ్ కన్నా వాగ్లే. తరవాత నెమ్మదిగా అమృతం వైపు లాగండి, అల్లుళ్లకి తెలుగు పట్టుబడ్డానికి అది బాగా పనికొస్తుంది, చూసి చెబుతున్నాను.

ఇక దొరికే దారి. ఒడిశాలో డీటీహెచ్ ప్యాక్ తీసుకుంటే ఒడియా, హిందీ ఛానళ్లు ఉంటాయి గానీ తెలుగువి చాలాసార్లు విడిగా అడిగి వేయించుకోవాలి. 2019 నుంచీ ఛానల్ ఒక్కొక్కటిగా ఎంచుకునే హక్కు మనకుంది, మొత్తం తెలుగు ప్యాక్ అంటగట్టబోతే కావలసిన రెండు మూడు చెప్పి అవే వెయ్యమనండి. ఓటీటీలో పాత విదేశీ సీరియళ్లు ఒక చోట స్థిరంగా ఉండవు, సంవత్సరం చందా కట్టేముందు ఆ పేరు ఇప్పుడు ఆ యాప్‌లో ఉందో లేదో వెతికి చూసుకోండి. మోహన, ఆర్. ఉదయగిరి లాంటి కొండ వైపు ఊళ్లవాళ్లు సిగ్నల్ మీద ఆధారపడొద్దు, ఊళ్లోకి వచ్చినప్పుడు పది ఎపిసోడ్లు ఫోన్లోకి దించుకుని వెళ్లండి, యాప్‌లోనే ఆ వీలు ఉంటుంది.

అన్నీ చదివాక కూడా ఏది ముందు అన్నది తేలకపోతే ఇలా చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అమృతం, మూడు తరాలూ కలిసి ఉంటే వాగ్లే, ఇద్దరే ఉండి ఇంగ్లీషు పరవాలేదంటే రేమండ్. రేమండ్‌ని మొదటి ఎపిసోడ్ నుంచి కాకుండా ఆ సూట్‌కేస్ ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. అది చూసి మీ ఇద్దరిలో ఒక్కరే నవ్వితే అక్కడితో ఆపేసి వాగ్లేకి వెళ్లిపోండి. ఇద్దరూ నవ్వితే మిగతా 209 ఉన్నాయి.